వెలుగు దయ్యమును చేయు విధము

దయ్యమును ఇంటినుండి వెడలగొట్టు ఉపాయము నడుగువారిని మనమందరము ఎరుగుదుము. దానిని స్వహస్తములతో చేసి, వెలుగును నడకను కల్పించి, వీధివాకిట వ్రేలాడగట్టు విధము నడుగువారు కూడ కలరన్నచో కొందరికి నవ్వు రావచ్చును. కాని అమెరికా దేశమున కాపురములుండు మన తెలుగు తల్లులకు అక్టోబరు మాసమున ఈ పని యెదురగుచుండును. బొమ్మల కొలువు మెట్లు విప్పి బొమ్మలను పెట్టెలలో సర్దుటయే తడవుగా పిల్లలు "మన వాకిటికి దయ్యమెప్పుడమ్మా?" యని కొంగు పట్టుకొందురు. అంగడిలో కొని తెచ్చుట సులభమే. అయినను ఇంట చేసిన దయ్యమువలన బిడ్డకు కలుగు మేలు వేరు. ఆ మేలెట్టిదో, దయ్యమును చేయు విధమేదో ఈ మాసమున ముచ్చటింతము.

పండుగ సంగతి

అక్టోబరు 31వ తేది రాత్రి జరుగు ఈ వేడుకకు హాలోవీన్ అని పేరు. ఇది అమెరికాలో పుట్టినది కాదు. పూర్వము ఐర్లండు, స్కాట్లండు దేశములలో నవంబరు 1వ తేదిని శీతకాలపు ఆరంభముగా నెంచి, ముందటి రాత్రి మృతుల ఆత్మలు తిరుగాడునని నమ్ముచుండిరి. తరువాత క్రైస్తవులు అదే తేదిని సకల భక్తుల పర్వముగా జరుపసాగిరి. ఆ పర్వమునకు ముందునాటి సాయంకాలమను అర్థమునిచ్చు ఇంగ్లీషు మాటలు కలిసి హాలోవీన్ అయినవి. 1845వ సంవత్సరమున ఐర్లండులో బంగాళదుంపల పైరునకు తెగులు సోకి గొప్ప కరవు సంభవింపగా, లక్షలాది జనులు సముద్రము దాటి అమెరికా చేరిరి. ఈ వేడుకయు వారితో అచ్చట వేళ్లూనినది. స్వదేశమున టర్నిప్ దుంపలను తొలిచి దీపములుంచుచుండిన వాడుక, అమెరికాలో గుమ్మడికాయల కెక్కినది.

ఆ రాత్రి పిల్లలు వింత వేషములు ధరించి ఇంటింటికి పోయి మిఠాయిలు పుచ్చుకొందురు. వాకిటి దీపము వెలుగుచున్న యింటికి పోవచ్చును; ఆర్పియున్న యింటికి పోరాదని మర్యాద. భాద్రపద బహుళమున పితరులను తలచుకొను మనకు, పొలిమేరలలో కొరివిదయ్యములు తిరుగునను కథలు విని పెరిగిన మనకు, ఇట్టి రాత్రి బొత్తిగా క్రొత్తది కాదు. క్రొత్తయైనది యేదనగా, ఆ దయ్యమును పిల్లల ఆటవస్తువుగా చేసికొనుట.

బూచివాడును బొమ్మదయ్యమును

మన యిండ్లలో దయ్యమునకు వేరొక ఉద్యోగము కలదు. అన్నము తినని బిడ్డకు, నిదురపోని బిడ్డకు, బూచివాడు వచ్చుచున్నాడని చెప్పుదుము. బిడ్డ వెంటనే నోరు తెరచును. మన పని నెరవేరును. కాని ఆ బూచివానిని బిడ్డ ఎన్నడును చూడడు, తాకడు, వాని లోపల నేమున్నదో ఎరుగడు. పెద్దల పని తీరినను బూచివాడు బిడ్డ మనసులోనుండి వెడలిపోడు. పెరటిలోనికి ఒంటరిగా పోవలసివచ్చినప్పుడు, రాత్రి మెలకువ వచ్చినప్పుడు, వాడే యెదుట నిలుచును.

దయ్యమును తన చేతులతో చేసిన బిడ్డ సంగతి వేరు. దాని తల ధర్మాకోలు బంతియని, ఒడలు పాలు వడకట్టు గుడ్డయని, చేతులనెత్తునవి నల్లని దారములని వానికి తెలియును. అయినను చీకటిపడి అది మెల్లగా తల యెత్తినప్పుడు వాని యొడలు జలదరించును. మరుక్షణముననే నవ్వు వచ్చును. మన తోలుబొమ్మలాటలో నింతే గదా! రాక్షసుడు తెరపై నార్భటించి పిల్లలను తల్లుల యొడిలోనికి తరిమిన పిమ్మట, జుట్టుపోలిగాడును బంగారక్కయు వచ్చి కడుపుబ్బ నవ్వింతురు. తెల్లవారి తెరవెనుకకు పోయి చూచిన పిల్లవానికి ఆ రాక్షసుడు దీపము ముందాడిన మేకతోలుబొమ్మయని తెలియును. సూత్రము తన చేతికి వచ్చిన పిమ్మట భయము ఆటగా మారును. ఈ దయ్యమును చేయుటలో తల్లులు గుర్తుంచుకొనవలసిన ముఖ్య విషయమిదియే.

దయ్యపు రహస్యములు

పని మొదలిడుటకు ముందు, చూచువారికి దయ్యము నిజమువలె ఏల తోచునో తెలిసికొనుట మంచిది. 1862వ సంవత్సరము డిసెంబరు 24వ తేదిని లండను నగరమున పెప్పరు అను పండితుడు నాటకశాలలో నొక దయ్యమును చూపెను. రంగస్థలముపై పెద్ద అద్దపు పలకను ఏటవాలుగా నిలిపి, ప్రేక్షకులకు కనబడని తావున నొక నటునిపై గొప్ప వెలుగును ప్రసరింపజేయగా, వాని ప్రతిబింబము అద్దమున పడి, రంగస్థలముపై నున్న నటుల నడుమ పారదర్శకమైన మూర్తివలె కానవచ్చెను. కాలిఫోర్నియాలోని డిస్నీలాండునందు 1969లో తెరచిన దయ్యాల మేడలోను ఈ యుపాయమునే వాడిరి.

ఇందుండి మనము గ్రహింపవలసినవి మూడు. మొదటిది, వెలుగు ఎచ్చటినుండి వచ్చుచున్నదో చూచువారికి తెలియరాదు. రెండవది, చుట్టును చీకటి యుండవలయును. దయ్యమునకు వెలుగు పెంచుటకన్న పరిసరములలోని వెలుగు తగ్గించుట మేలు. మూడవది, రూపము పూర్తిగా కనబడరాదు. కన్ను చూడలేనిదానిని మనసే పూరించుకొనును. వీనికి తోడుగా నడక మెల్లగా నుండవలయును. గబగబ కదలునది బొమ్మవలె కనబడును; మెల్లగా కదలునది ప్రాణమున్నదానివలె తోచును.

కావలసిన వస్తువులు

మనిషి తలయంత ధర్మాకోలు బంతి యొకటి. విరిగిన పాలను వడకట్టు పలుచని నూలుగుడ్డ 6 గజములు. దీనిని అమెరికా అంగళ్లలో చీజ్‌క్లాత్ అందురు. కోటు తగిలించు తీగలు రెండు. అడుగున్నర పొడవుగల తేలికైన వెదురు పుల్లలు రెండు. నల్లని గట్టి దారము 12 గజములు. రంధ్రముగల మరలు, అనగా కొసను వలయముండు స్క్రూలు మూడు. రెండడుగుల చదరపు చెక్కపలక యొకటి. నాలుగంగుళముల పొడవుగల చెక్కపట్టీ యొకటి. నిమిషమునకు 6 చుట్లు తిరుగు 12 వోల్టుల గేరు మోటారు ఒకటి. ఊదారంగు కిరణముల నిచ్చు నల్లదీపము ఒకటి. దీనిని అచ్చట బ్లాక్‌లైట్ అందురు. మోటారు దొరకనిచో దిగులు పడనక్కరలేదు. చేతితో త్రిప్పు పిడి చాలును.

తలయు నొడలును

బంతికి ఇరువైపుల కన్నులుండవలసిన తావులను చెంచాతో కొంచెము గుల్లచేసి, అచ్చట నల్లరంగు పూయవలయును. నోరు, ముక్కు వలదు. వానిని పెట్టినచో దయ్యము గుడిసె వాకిటి దిష్టిబొమ్మవలె నుండును. కోటు తీగలను విప్పి భుజముల ఆకారమున వంచి బంతి క్రింద గ్రుచ్చవలయును. వెదురు పుల్లలను భుజములకు వదులుగా కట్టినచో చేతులగును. గట్టిగా కట్టరాదు, ఏలయన చేతులు ప్రతి కదలికకును మణుగుచు లేచుచు నుండవలయును. మొత్తము బరువు అరకిలోకు మించకుండ చూచుకొనుడు. బరువు పెరిగినకొలది మోటారు అలసిపోవును, నడకలో మృదుత్వము పోవును.

ఇక గుడ్డ. దీనిని కత్తెరతో సమముగా కత్తిరింపక, చేతులతో లాగి చింపి, అంచుల దారములు వ్రేలాడునట్లు చేయవలయును. ఒకే మడత కప్పక, తలపై నొకటి, భుజములపై నొకటి, చేతులపై చెరియొకటి వేసినచో, గాలికి ఒక్కొక్కటి ఒక్కొక్క రీతిగా నాడును. క్రిందిభాగమున కాళ్లుండవలసిన అవసరము లేదు. కాళ్లు కనబడని చోటనే చూచువారి యూహ పనిచేయును.

వెలుగు

బట్టలుతుకు సబ్బుపొడులలోను, ద్రవములలోను తెలుపును మెరుగుపరచు ద్రవ్యములు చాలవరకు కలిపియుందురు. వీనికి కంటికి కానరాని ఊదాకిరణములను పుచ్చుకొని, కంటికి కనబడు నీలిరంగు వెలుగుగా తిరిగి యిచ్చు గుణము కలదు. ఉతికిన పంచె ఎండలో తళతళలాడుటకు ఇదియు నొక కారణము. లీటరు నీటిలో రెండు పెద్ద చెంచాల సబ్బుద్రవము కలిపి, గుడ్డను నానబెట్టి, మరల జాడింపకుండ పిండి నీడను ఆరవేయవలయును. చీకటిలో నల్లదీపము వెలిగించి చూచినచో గుడ్డ మంచుతెరవలె వెలుగును. మన యిండ్లలో బట్టలకు పెట్టు నీలిమందు ఇందులకు పనికిరాదు. అది బట్టకు నీలిచాయ నిచ్చి పసుపుదనమును మరుగుపరచునే గాని, ఇట్లు వెలుగదు. కొయినా కలిసిన టానిక్ నీరును ఒక గాజు సీసాలో పోసి అదే దీపము ముందుంచిన నీలివెలుగు వచ్చును. పిల్లలకు ఈ వింతను తప్పక చూపుడు.

నల్లదీపము ఆర్పగానే ఈ వెలుగు పోవును. దీపము లేకయే కొంతసేపు వెలుగవలెనన్న, చీకటిలో వెలుగు పూత యని అమ్ము రంగును కన్నుల గుంటల చుట్టు పూయవచ్చును. పగటి వెలుతురును దాచుకొని రాత్రి కొన్ని గంటలపాటు సన్నగా విడుచుట దాని స్వభావము. నేడు మంచిరకపు పూతలలో స్ట్రాన్షియము అల్యూమినేటు అను పదార్థము నుపయోగింతురు.

ఈ పూత ప్రస్తావన వచ్చినది గనుక ఒక మాట చెప్పవలసియున్నది. ఒకానొకప్పుడు ఇట్టి పూతలలో రేడియమును కలుపుచుండిరి. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున, ఆరెంజి పట్టణపు కర్మాగారమున 1917 మొదలుకొని యువతులు గడియారపు అంకెలకు రేడియము పూత వేయుచుండిరి. కుంచె కొసను సన్నముచేయుటకై పెదవులతో తడుపుకొనుడని వారికి నేర్పిరి. పూత హానిలేనిదని చెప్పగా వారు నమ్మిరి. కొలదియేండ్లలో వారి దంతములు రాలి, దవడ యెముకలు క్షీణించి, పలువురు మరణించిరి. ఐదుగురు స్త్రీలు రోగముతోనే న్యాయస్థానమున వ్యాజ్యము నడపి 1928లో పరిహారము పొందిరి. పనివారి రక్షణకై తరువాత ఏర్పడిన నిబంధనలకు వారి పోరాటము ఒక పునాది యయ్యెను. నేడు ఆటవస్తువుల కమ్ము పూతలలో రేడియము లేదు. అయినను వెలుగు వస్తువేదైనను పిల్లల నోటికి దూరముగా నుంచుటయు, పాతకాలపు వెలుగు గడియారములను విప్పనీయకుండుటయు వివేకము.

నడక

ఇదియే ఈ పనిలో మిక్కిలి ముచ్చటైన భాగము. చెక్కపలక నడుమ మోటారును ఇరుసు క్రిందివైపునకు వచ్చునట్లు బిగింపవలయును. ఇరుసునకు నాలుగంగుళముల చెక్కపట్టీని అమర్చి, దాని కొసను క్రిందివైపున ఒక మేకు దిగగొట్టి, ఆ మేకున వదులుగా తిరుగు చిన్న వలయమొకటి తగిలింపవలయును. పలక అడుగున, నడుమనుండి అడుగు దూరమున, ముక్కాలిపీట కాళ్లవలె మూడు దిక్కుల మూడు రంధ్రపు మరలను బిగింపవలయును. వెనుకది తలకు, ముందరి రెండును చేతులకు.

మూడు దారములను ఆ వలయమునకే ముడివేసి, ఒక్కొక్కదానిని ఒక్కొక్క మర రంధ్రమునుండి దూర్చి క్రిందికి విడిచి, వెనుకదానిని తలకు, ముందరివానిని చేతి కొసలకు కట్టుడు. దారములు పట్టీకి క్రిందివైపుననే యుండవలయును. పైవైపున నున్నచో ఇరుసునకు చుట్టుకొనిపోవును. ఇక పట్టీ తిరుగునప్పుడు ఏమి జరుగును? పట్టీ కొస ఒక మరకు దగ్గరైనప్పుడు ఆ దారము వదులై ఆ భాగము దిగును. దూరమైనప్పుడు దారము బిగిసి ఆ భాగము లేచును. పట్టీ నాలుగంగుళములైనచో ఒక్కొక్క భాగము ఎనిమిదంగుళములు లేచి దిగును. మూడు మరలును మూడు దిక్కులనున్నందున తల, కుడిచేయి, ఎడమచేయి ఒకదాని తరువాత నొకటి లేచును. నిమిషమునకు 6 చుట్లనగా చుట్టునకు 10 సెకండ్లు. ప్రతి మూడు సెకండ్లకును కొంచెము పైగా ఒక భాగము పైకి వచ్చును. అది నిదురలేచి, చేతులు చాచి, ఎవరినో పిలిచి, మరల తల వాల్చినట్లుండును.

ముందుగా మోటారు లేకుండ పట్టీని చేతితో త్రిప్పి చూడుడు. ఈ త్రిప్పు పనిని బిడ్డకు అప్పగింపుడు. దారమెచ్చట బిగిసినదో, ఎచ్చట చిక్కుకొన్నదో బిడ్డయే కనిపెట్టి చెప్పును. చేపల గాలమునకు కట్టు కొన్ని నైలాను దారములు నల్లదీపము క్రింద తామే వెలిగిపోయి గుట్టు బయటపెట్టును; అందుచే నల్లని నూలుదారమే మంచిది.

జాగ్రత్తలు

దయ్యము భయపెట్టవలసినది గాని, దాని సామగ్రి హాని చేయరాదు గదా! ఈ క్రింది సంగతులను చదివి మరువకుడు.

పలుచని నూలుగుడ్డ నిప్పునకు మిక్కిలి త్వరగా అంటుకొనును. దయ్యమునకు సమీపమున కొవ్వొత్తియుంచిన గుమ్మడికాయ యుండరాదు. గుమ్మడికాయలలోను బ్యాటరీతో వెలుగు దీపములనే యుంచుడు.

ఆ చిన్న దీపములలో గుండీవంటి బ్యాటరీలుండును. పసిబిడ్డ దానిని మ్రింగినచో అది గొంతులో నిలిచి, రెండు గంటలలోపుననే అన్ననాళమును కాల్చివేయగలదు. మూత మరతో బిగించియున్న దీపములనే కొనుడు. మ్రింగెనను అనుమానము కలిగినను, బిడ్డ ఏడ్వకున్నను, తెల్లవారుదాక వేచియుండక వెంటనే వైద్యశాలకు తీసికొనిపోవలయును.

నల్లదీపమునకును సూక్ష్మజీవులను చంపు దీపమునకును భేదము కలదు. రెండవది కన్నులకు, చర్మమునకు గాయము చేయును. దానిని ఈ పనికి ఎన్నడును వాడరాదు. నల్లదీపమునైనను పిల్లల ముఖములపైకి త్రిప్పక, గుడ్డవైపునకే త్రిప్పియుంచి, మూలములు కనబడకుండ కుండీల చాటున దాచవలయును.

మోటారునకు గోడ విద్యుత్తును నేరుగా ఈయక 12 వోల్టులకు తగ్గించు సాధనముద్వారా నిచ్చి, ఆ సాధనమును వానకు తడియని తావున నుంచుడు. పలకను వసారా దూలమునకు గట్టిగా బిగించి, దయ్యము పిల్లల చేతి కందనంత యెత్తున నుండునట్లును, ఒక్క దారమైనను నడచు త్రోవకు అడ్డముగా లేనట్లును చూడవలయును. చీకటిలో పరుగెత్తు పిల్లవాని మెడకు నల్లదారము కానరాదు.

జడియు పిల్లలకు

కొందరు పిల్లలు సహజముగా జడియుదురు. వారిని పిరికివారని ఎగతాళి చేయుటయు, బలవంతముగా దయ్యము ముందు నిలబెట్టుటయు తగవు. మొదట పగటివేళ బల్లపై పరచియున్న గుడ్డను, బంతిని తాకనిండు. రంగు పూయుట, గుడ్డ చింపుట వారిచేతనే చేయింపుడు. పిమ్మట దానికొక పేరు పెట్టుమనుడు; పేరు పెట్టిన దయ్యము సగము చుట్టమగును. దాని చేతికి బిడ్డ పాత మేజోడొకటి తొడిగినను బాగుండును. ఆ రాత్రి మొదటిసారి దీపము వెలిగించునది, ఆర్పునది బిడ్డయే కావలెను. ఆర్పు అధికారము తన చేత నున్నదని తెలిసిన బిడ్డ వెలిగించుటకు జంకడు.

మన వాకిటికి వచ్చు పిల్లలలోను రెండేండ్లవారు, మూడేండ్లవారు ఉందురు. ఎవరో రాగానే హఠాత్తుగా మీదికి దూకు దయ్యములును, కెవ్వున అరచు యంత్రములును అంగళ్లలో అమ్ముదురు. అట్టివి మనకు వలదు. మెల్లగా కదలు దయ్యమును పిల్లవాడు దూరమునుండియే చూచి, దగ్గరకు రావలెనో వలదో తానే నిర్ణయించుకొనును. మెట్ల దగ్గర ఆగిపోయిన బిడ్డను చూచినప్పుడు, మిఠాయి పళ్లెముతో మనమే క్రిందికి దిగి పోవుట మర్యాద.

స్వదేశముననున్న సోదరీమణులు ఈ పండుగ మనకేలయని విడిచిపెట్టనక్కరలేదు. దయ్యపు వేషము వలదన్నచో, ఇదే పలక, ఇదే పట్టీ, ఇవే మూడు దారములు చిలుకను ఎగిరింపగలవు, వేదికపై నెమలిచే పురి విప్పింపగలవు. పాఠశాల వార్షికోత్సవములకు, బొమ్మల కొలువు ప్రక్కన పిల్లల ముచ్చటకు ఇది చక్కగా నుపకరించును. ఇక బూచివాని పేరు చెప్పి అన్నము తినిపించు వాడుకను ఈ సందర్భమున మన యిండ్లనుండి సాగనంపినచో మరియు మంచిది.

పండుగ ముగిసిన పిమ్మట గుడ్డను తడి లేకుండ మడిచి, దారములను అట్టముక్కకు చుట్టి, మోటారును వేరుగా పెట్టెలో నుంచినచో మరుసటి యేటికి పనికివచ్చును. వచ్చు మాసమున, కార్తిక దీపములకు వత్తులు చేయు పద్ధతులను గూర్చి ముచ్చటింతము.